వెనక్కి తిరిగి వచ్చినా సన్మానం చేస్తామని చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

చందాలు పోగుచేసుకుని ఎవరెస్ట్‌కు వెళుతున్న మన పిల్లల గురించి ఈ ఉత్తరం. నేను వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. నా దగ్గర చదువుకుని, ఆ తర్వాత భువనగిరి గుట్ట మీద తాడు పట్టడం నేర్చుకున్న ఒక కుర్రాడు ఇప్పుడు ఎవరెస్ట్ అంటున్నాడు. ఎవరెస్ట్ ఎక్కించే ఏజెన్సీకి పాతిక లక్షల పైచిలుకు కట్టాలి. వాళ్ళది కూలి చేసుకుని బతికే ఇల్లు. కాబట్టి ఊళ్ళో ఫ్లెక్సీలు కట్టారు, దాతల చుట్టూ తిరుగుతున్నారు. శిఖరం మీద ఎవరెవరి జెండాలు పట్టుకుని ఫొటో దిగాలో కూడా ముందే రాసుకున్నారు. ఆ లిస్టు చూసినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

1996 మేలో ఎవరెస్ట్ మీద తుఫానులో ఎనిమిది మంది చనిపోయారు. వారిలో డగ్ హాన్సన్ అనే అమెరికా తపాలా ఉద్యోగి ఒకరు. ఆయన ఖర్చుల కోసం బడి పిల్లలు టీషర్టులు అమ్మి డబ్బు సాయం చేశారు. అంతకుముందు ఏడాది శిఖరం దగ్గర దాకా వెళ్ళి తిరిగి వచ్చిన మనిషి ఆయన. మధ్యాహ్నం రెండు దాటితే ఎక్కడున్నా దిగిపోవాలన్నది ఆయన బృందాన్ని నడిపిన గైడ్ రాబ్ హాల్ పెట్టుకున్న గడువు. హాన్సన్ పైకి చేరేసరికి నాలుగు దాటింది. హాల్ ఆయన కోసం ఆగాడు. ఇద్దరూ కిందికి రాలేదు. హాల్ చేతగాని గైడ్ కాదు, అప్పటికే నాలుగుసార్లు ఎవరెస్ట్ ఎక్కినవాడు. అంతటివాడి గడువే నిలవనప్పుడు, ఊరి డబ్బంతా భుజాన వేసుకుని వెళ్ళిన మన కుర్రాడు ఏ ధైర్యంతో వెనక్కి తిరుగుతాడు?

ఏజెన్సీల మాట వింటే ఇదంతా తేలికనిపిస్తుంది. నిచ్చెనలు వేసేది, తాళ్ళు కట్టేది, టెంట్లూ ఆక్సిజన్ సిలిండర్లూ మోసేది షెర్పాలు, అంటే అక్కడి కొండ పనివాళ్ళు. తాడుకు జుమార్ (తాడు మీద పైకే జరిగి, కిందికి జారకుండా పట్టుకునే పరికరం) తగిలించుకుని నడవడమే మన పని అంటారు. వాతావరణం బాగున్నంతసేపు అలాగే సాగుతుంది. కానీ 8,000 మీటర్ల పైన సిలిండర్ గంటల లెక్కన ఖాళీ అవుతుంది. ముందున్న క్యూ కదలకపోతే నిలబడిన చోటే ప్రాణవాయువు అయిపోతుంది. 2019లో నేపాల్ 381 మందికి అనుమతి ఇచ్చింది. వాతావరణం అనుకూలించింది కొద్ది రోజులే. శిఖరం కింద బారులు తీరిన మనుషుల ఫొటో మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ సీజన్‌లో నేపాల్, టిబెట్ రెండు వైపులా కలిపి 11 మంది పోయారు, అందులో మన దేశంవాళ్ళూ ఉన్నారు.

మనం జెండా పంపితే ఆ బరువు షెర్పా మీద కూడా పడుతుంది. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్ట్ దారిలో పగుళ్ళతో నిండిన ఖుంబూ ఐస్‌ఫాల్‌లో మంచు చరియలు విరుచుకుపడి 16 మంది నేపాలీ పనివాళ్ళు చనిపోయారు. వాళ్ళు అప్పుడు మోస్తున్నది క్లయింట్ల సామానే.

ఆ ఏడాదే మే 25న మన మాలావత్ పూర్ణ టిబెట్ వైపు నుంచి శిఖరం చేరింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఇప్పుడు చందా అడిగే ప్రతివాళ్ళూ ఆమె పేరే చెబుతారు. భువనగిరిలో మొదలై డార్జిలింగ్, లడఖ్‌లలో శిక్షణ సాగిందని, ఎంతోమంది పిల్లలను వడపోశాక చివరికి ఆమే, ఆమెతో పాటు శిఖరం చేరిన ఆనంద్ కుమారే మిగిలారని మాత్రం చెప్పరు. నేపాల్ కూడా 7,000 మీటర్లు దాటిన శిఖరం ఒకటి ఎక్కినవారికే ఎవరెస్ట్ అనుమతి ఇవ్వాలని 2025లో బిల్లు పెట్టింది. ఆ చట్టం కోసం మనం ఎదురుచూడనక్కర్లేదు. డబ్బు ఇచ్చేవాళ్ళు ఆ షరతు ఈరోజే పెట్టవచ్చు.

దాతలకు నా విన్నపం ఇదీ. ఇంతకుముందు ఏ శిఖరాలు ఎక్కావని కుర్రాణ్ణి అడగండి. మనిషికి ఎన్ని సిలిండర్లు ఇస్తారో, ఎన్ని గంటలకు వెనక్కి తిప్పుతారో, ఆ మాట చెప్పే అధికారం ఎవరిదో ఏజెన్సీతో కాగితం మీద రాయించుకోండి. తిరిగి వచ్చినా ఇదే వేదిక, ఇదే శాలువా అని అతని అమ్మానాన్నల ముందు చెప్పండి. శిఖరం ఎక్కితేనే నగదు, ఎక్కితేనే ఇంటి స్థలం అని ప్రకటించే నాయకులు కూడా దయచేసి ఆ షరతు మానుకోవాలి.

సంపాదకులుగా మీరూ ఒక పని చేయండి. శిఖరం చేరకుండా క్షేమంగా దిగివచ్చిన మన పిల్లల ఇంటర్వ్యూలు కూడా జిల్లా పేజీల్లో ఫొటోతో సహా వేయండి.

— ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు, యాదాద్రి భువనగిరి జిల్లా