ఉత్తరాంధ్ర ప్యాకేజీకి బడ్జెట్‌లో ఒక వరుస ఇవ్వండి: కేంద్ర ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక శాఖ మంత్రి గారికి,

విశాఖపట్నం నుంచి నమస్కారాలు.

వెనకబడిన జిల్లాల ప్రత్యేక ప్యాకేజీ గురించి మీకు కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. దానికి ఆధారమైన, 2014 రాష్ట్ర విభజన చట్టంలోని 46, 94 సెక్షన్లు మీకు తెలుసు. 2014 నుంచి 2016 దాకా మీరు మా రాష్ట్రం తరఫునే రాజ్యసభలో కూర్చున్నారు. రాయలసీమ, ప్రకాశం, ఉత్తర కోస్తా ప్రాంతాలకు చట్టంలో చెప్పినట్టు గ్రాంట్లు ఇస్తామని 2024 జులై 23న బడ్జెట్ ప్రసంగంలో చదివింది కూడా మీరే. ఆ మాట విని ఇక్కడ ఎంతోమంది సంతోషించారు. అప్పట్నుంచి అర్జీలు పెడుతూనే ఉన్నాం. ఒక శాఖ ఇంకో శాఖను అడగమంటుంది. ఆ శాఖ, ఇచ్చిన డబ్బు ఖర్చయిందని చూపే వినియోగ పత్రాలు రాష్ట్రం నుంచి రావాలంటుంది. ఇక్కడ అడిగితే, ఢిల్లీ నుంచి డబ్బు వస్తే కదా అంటారు. అందుకే ఈసారి నలుగురికీ కనబడేలా రాస్తున్నాం.

ఈ ప్యాకేజీ కింద ఇచ్చేది జిల్లాకు ఏడాదికి 50 కోట్లు, రాయలసీమ, ఉత్తరాంధ్రల్లోని ఏడు పాత జిల్లాలకు కలిపి 350 కోట్లు. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి విశాఖ జిల్లా జనాభా 42.9 లక్షలు. పంచి చూస్తే ఏడాదికి తలకు 117 రూపాయలు. 2014 ఫిబ్రవరి 20న అప్పటి ప్రధాని రాజ్యసభలో ఇచ్చిన మాట ఒడిశాలోని కోరాపుట్-బొలంగీర్-కలహండికి, ఉత్తరాదిలోని బుందేల్‌ఖండ్‌కు ఇచ్చిన తరహా ప్యాకేజీ ఇస్తామని. ఆ మాటకూ ఈ అంకెకూ పొంతన లేదు. పోనీ అదైనా నిలకడగా వచ్చిందా అంటే అదీ లేదు. మొదటి మూడేళ్లు వరసగా ఇచ్చారు, 1,050 కోట్లు వచ్చాయి. 2018 ఫిబ్రవరిలో 350 కోట్లు రాష్ట్ర ఖాతాలో వేసి మళ్లీ వెనక్కి తీసుకున్నారు. అక్కడితో వరస తప్పింది. 2025-26లో కేంద్రం మొత్తం ఖర్చు అంచనా 50.65 లక్షల కోట్లు. ఆ లెక్కన మా 350 కోట్లు లక్ష రూపాయల్లో ఏడు రూపాయలు. డబ్బుల్లేక ఆగిందంటే ఎలా నమ్మాలి? ఏది ముందు, ఏది వెనక అని తేల్చే చోట మా మాట ఎత్తేవాళ్లు లేరు, అంతే.

ఆ తేల్చడం ఎలా జరుగుతుందో మాకూ తెలుసు. ఆగస్టు, సెప్టెంబరుల్లో బడ్జెట్ సర్క్యులర్ వస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో వ్యయ విభాగం కార్యదర్శి ఒక్కో మంత్రిత్వ శాఖ ఆర్థిక సలహాదారును కూర్చోబెట్టుకుని మాట్లాడతారు. ఈ ఏటి సవరించిన అంచనా ఎంత, వచ్చే ఏటికి పరిమితి ఎంత అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది. వడ్డీలు, జీతాలు, పింఛన్లు ఎలాగూ తప్పవు. నడుస్తున్న పథకాలకు వాటి శాఖలు గట్టిగా మాట్లాడతాయి. మా ప్యాకేజీ కోసం ఆ గదిలో నోరు విప్పేదెవరు? చట్టం అమలును చూసేది ఒకరు, విడుదలకు సిఫారసు చేసేది ఇంకొకరు, డబ్బుండేది మీ ‘రాష్ట్రాలకు బదిలీలు’ పద్దులో. ముగ్గురి చేతుల్లో ఉన్న పని చివరికి ఎవరి పనీ కాకుండా పోయింది. ఇక రాష్ట్రాల ఆర్థిక మంత్రులతో మీరు జరిపే సంప్రదింపులు 2024లో డిసెంబరు 20న జైసల్మేర్‌లో జరిగాయి. బడ్జెట్‌కు అప్పటికి ఆరు వారాలే ఉంది. శాఖల పరిమితులు కుదిరిపోయాక మా రాష్ట్రం ఇచ్చే వినతిపత్రానికి చోటెక్కడ మిగులుతుంది? పార్లమెంటులోనైనా చర్చకొస్తుందా అంటే, ఎక్కువ పద్దులు గిలెటిన్‌లో, అంటే చర్చకు రానివన్నీ ఒకేసారి ఓటుకు పెట్టే పద్ధతిలో, మాటా పలుకూ లేకుండా ఆమోదం పొందుతున్నాయి.

ఈ కాస్త డబ్బు కోసం ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నామో చెబుతాం. మిగతా పథకాలన్నిటికీ ఏదో ఒక కొలత ఉంది. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన గ్రామ సడక్ యోజన నాలుగో దశలో రోడ్డు రావాలంటే మైదానంలో 500, షెడ్యూల్ ప్రాంతంలో (గిరిజన ప్రాంతంగా ప్రకటించిన చోట) 250 జనాభా ఉండాలి. పీఎం జన్‌మన్ పథకంలో 100 మంది చాలు, కానీ ఆదిమ గిరిజన తెగల జాబితాలో ఉండాలి. కొండదొర గిరిజనులు ఆ జాబితాలో లేరు. అల్లూరి జిల్లా కొండల మీద పది పదిహేను ఇళ్ల కొండదొర గూడెం రెండిట్లోనూ పడదు. అనకాపల్లి జిల్లా రావికమతం, రోలుగుంట, గొలుగొండ మండలాల్లో షెడ్యూల్‌లో చేరని గిరిజన గ్రామాలది ఇంకా అన్యాయం. వాళ్లూ కొండల్లోనే ఉంటారు, జనాభా దగ్గర మాత్రం మైదానం లెక్క. ఇలాంటి చోట్ల నొప్పులొచ్చిన గర్భిణిని కర్రకు దుప్పటి కట్టి డోలీలో మోసుకొస్తున్నారు. జనాభా షరతుల్లేని ప్రత్యేక గ్రాంటు ఒక్కటే అక్కడిదాకా వెళ్లగలిగే డబ్బు.

ఆ డబ్బు ఎప్పుడొస్తుందన్నది ఎంతొస్తుందన్నంత ముఖ్యం. కొండ మీద మూడు కిలోమీటర్ల రోడ్డు తీసుకోండి. ముందు గ్రామసభ తీర్మానం. దారిలో అటవీ భూమి ఉంటే అటవీ హక్కుల చట్టం 3(2) కింద డీఎఫ్‌ఓ (అటవీ శాఖ డివిజన్ అధికారి) అనుమతి. అది కూడా హెక్టారులోపు, హెక్టారుకు 75 చెట్లకు మించకుండా కొట్టేటట్టయితేనే. ఆపైన అంచనాలు, పరిపాలనా ఆమోదం, సాంకేతిక మంజూరు, టెండరు, అగ్రిమెంటు. ఇంతటికీ నాలుగైదు నెలలు పడుతుంది. కొండ మీద మట్టి పని సాగేది డిసెంబరు నుంచి మే దాకానే. జూన్‌లో వానలు దిగాయంటే యంత్రాలు దించేయాలి. కల్వర్టులు, పక్క కాలువలు కట్టకుండా కట్ట పోసి వదిలేస్తే ఒక్క వానాకాలానికి కొట్టుకుపోతుంది.

ఏప్రిల్‌లో మొదటి విడత వస్తే వానలు కురిసినంత కాలం కాగితాల పని ముగించుకుని, డిసెంబరులో జేసీబీని కొండెక్కించొచ్చు. ఫిబ్రవరిలోనో మార్చిలోనో వస్తే కాగితాలు కదిలేసరికి వానలు పట్టుకుంటాయి. పని డిసెంబరుకు పోతుంది. ఈలోగా వినియోగ పత్రం ఏదని మీ వాళ్లు అడుగుతారు. పనే మొదలవనిదానికి ఏ పత్రం ఇస్తారు? దాంతో తర్వాతి విడత ఆగుతుంది. రాష్ట్రం ఖర్చు పెట్టలేకపోయిందని ఫైలులో రాసుకుంటారు. ఏడాది బడ్జెట్‌లో 15 శాతానికి మించి మార్చిలో ఖర్చు చేయొద్దని శాఖలకు నిబంధన పెట్టింది మీ శాఖే కదా. ఏడాది చివర్లో గుమ్మరిస్తే ఏమవుతుందో మీకు తెలుసు కనకే పెట్టారు. ఆ జాగ్రత్త మా విషయంలోనూ తీసుకోండి.

రాష్ట్రం తప్పు లేదని అనడం లేదు. డబ్బు రాష్ట్ర ఖజానాలో పడగానే మిగతా వాటితో కలిసిపోతుంది. రాష్ట్ర ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్‌లో బిల్లు పెట్టిన కాంట్రాక్టరు నెలల తరబడి ఎదురుచూస్తాడు, ఇంకోసారి ఆ కొండ పనికి టెండరు వేయడు. దీనికి విరుగుడు మీ దగ్గరే ఉంది. కేంద్ర ప్రాయోజిత పథకాలకు తెచ్చిన ఎస్‌ఎన్‌ఏ-స్పర్శ్ పద్ధతిని దీనికీ పెట్టండి. బిల్లు పాసైనప్పుడే డబ్బు కదులుతుంది, దారి మళ్లే వీలుండదు.

మూలధన వ్యయానికి రాష్ట్రాలకు 50 ఏళ్ల వడ్డీలేని రుణాలు ఇస్తున్నాం కదా అని మీవాళ్లు అంటున్నారు. 2025-26లో దానికి లక్షన్నర కోట్లు పెట్టారు, మంచిదే. కానీ అది అప్పు, ఇది చట్టం ఒప్పుకున్న గ్రాంటు. పైగా ఆ రుణం ఏడాది తిరిగేలోగా ఖర్చవ్వాలి కాబట్టి ఏ రాష్ట్రమైనా చకచకా బిల్లులయ్యే పనులే ఎంచుకుంటుంది. గూడెం రోడ్డు అందులోకి రాదు.

మంత్రి గారూ, మేం అడిగేది పెద్దదేం కాదు. ‘ప్రత్యేక సహాయం’ అని గంపగుత్తగా వేయకుండా, వెనకబడిన జిల్లాల గ్రాంటును పద్దులో విడి వరుసగా, అంకెతో సహా చూపించండి. ఏదో ఒక్క శాఖను దీనికి బాధ్యురాలిని చేయండి, అక్టోబరు సమావేశంలో మా తరఫున మాట్లాడాల్సింది ఆ శాఖే అని రాసిపెట్టండి. ఉత్తరాంధ్రలో మూడు జిల్లాలు ఆరయ్యాయి కాబట్టి 50 కోట్లు పాత జిల్లాకా, కొత్త జిల్లాకా తేల్చండి. 2014 నాటి అంకెను ఈనాటి ధరలకు సవరించండి. ఆగిపోయిన ఏళ్ల సంగతి కూడా చూడండి, వాటిని మేం వదులుకోలేదు. వినియోగ పత్రాల గడువును కొండల్లో పని సాగే నెలలను బట్టి పెట్టండి.

మొదటి విడత ఏప్రిల్ నెలాఖరులోపు ఇప్పించండి. ఇవ్వడం కుదరదంటే ఎందుకు కుదరదో కారణం రాసి, సంతకం పెట్టి ఒక ఉత్తరం పంపండి. ఇన్ని అర్జీలకు ఇంతవరకు ఆ పాటి జవాబు కూడా రాలేదు.

ఇట్లు,
ఉత్తరాంధ్ర పౌరులు,
విశాఖపట్నం