పదో తరగతి పిల్లలతో మన సంఘం పని: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

చెరువు కట్ట మీద మొక్కలు, బతుకమ్మ ఏర్పాట్లు, కంటి పరీక్షల క్యాంపు ఈ ఏడాది కూడా బాగా జరిగాయి. జమాఖర్చులు జనరల్ బాడీ మీటింగులో కోశాధికారి గారు చదివి వినిపిస్తారు. ఈ నివేదికలో ఎక్కువ చోటు మాత్రం పదో తరగతి పిల్లలకే ఇస్తున్నాను.

ఏప్రిల్ 30న ఫలితాలు వచ్చినప్పటి నుంచి సభ్యులు చాలామంది ఫోన్ చేసి ఒకటే అడిగారు: ఈసారి కూడా మన వికారాబాద్ జిల్లానే ఆఖరా అని. అవును, ఆఖరే. రాష్ట్రంలో 92.78 శాతం మంది పాసైతే మన జిల్లాలో 73.97 శాతం పాసయ్యారు. 99.29 శాతంతో మహబూబాబాద్ మొదటి స్థానంలో ఉంది. 33 జిల్లాల్లో మనది చివరి స్థానం కావడం ఇది వరుసగా మూడో ఏడాది.

అయితే ర్యాంకు ఒక్కటే చూసి తల దించుకోవద్దని సభ్యులకు నా మనవి. 2023లో రాష్ట్రం 86.60 శాతం, మనం 59.46. 2024లో రాష్ట్రం 91.31, మనం 65.10. అంటే రెండేళ్లలో రాష్ట్రం ఆరు పాయింట్లు పెరిగితే మన జిల్లా పద్నాలుగున్నర పాయింట్లు పెరిగింది. రాష్ట్రానికీ మనకూ మధ్య 27 పాయింట్లున్న తేడా 19కి దిగింది. ఇది మన టీచర్లు చీకటి పడేదాకా స్కూళ్లలో కూర్చుని చేయించిన చదువు. వాళ్లకు ఈ నివేదిక ద్వారా సంఘం తరఫున చేతులెత్తి దండం పెడుతున్నాను.

ఫలితాలు రాగానే పేపర్లలో, టీవీల్లో వచ్చే మొదటి మాట "బాలికలదే పైచేయి". నిజమే. ఈసారి అమ్మాయిలు 94.26 శాతం, అబ్బాయిలు 91.32 శాతం పాసయ్యారు. తేడా మూడు పాయింట్లు కూడా లేదు. అదే మహబూబాబాద్‌కూ మనకూ మధ్య తేడా 25 పాయింట్లు. ఆడపిల్లా మగపిల్లవాడా అన్నదాని కన్నా, ఆ బిడ్డ ఏ జిల్లాలో పుట్టాడన్నదే ఎన్నో రెట్లు ఎక్కువ తేడా తెస్తోంది. నాకు బాధ కలిగించేది ఇదే.

"మన దగ్గర తండాలెక్కువ, చదువుకోని కుటుంబాలెక్కువ, అందుకే ఇలా" అని మనలోనే కొందరు అంటుంటారు. ఆ మాట ఇక మానేద్దాం. మహబూబాబాద్ కూడా గిరిజన జనాభా ఎక్కువగా ఉన్న జిల్లానే. లంబాడా తండాలు అక్కడ ఊరికి ఒకటి కనిపిస్తాయి. అక్కడి తండా పిల్లలు పాసవుతున్నప్పుడు మన తండా పిల్లలు ఎందుకు కాలేరు? తప్పు పిల్లల్లో లేదు, వాళ్ల పుట్టుకలో అసలే లేదు.

గురుకులాలతో పోల్చేటప్పుడు మాత్రం కాస్త ఆగి ఆలోచించాలి. గురుకులాల ఫలితాలు ప్రతి ఏడాదీ రాష్ట్ర సగటును మించే ఉంటాయి, అందుకు సంతోషమే. కానీ అక్కడ ఐదో తరగతికి ఎంట్రన్స్ రాసి సీటు తెచ్చుకున్న పిల్లలుంటారు. హాస్టల్లోనే తిండి, నిద్ర, చదువు అన్నీ జరిగిపోతాయి. ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్‌కు వచ్చేది ఆ సీటు రానివాళ్లు, రెండేళ్లు అమ్మానాన్నల వెంట పుణే, ముంబై పనులకు వెళ్లి తిరిగొచ్చినవాళ్లు, ఇంట్లో చిన్న పిల్లల్ని చూసుకోవాల్సినవాళ్లు. ఈ రెండు బడుల శాతాలూ పక్కపక్కన పెట్టి హైస్కూల్ టీచర్‌ను నిలదీయడం న్యాయం కాదు.

మన ఊళ్లలో మనం దగ్గరగా చూసిన పిల్లల సంఖ్య చిన్నది. ఒక్కరు ఫెయిలైనా శాతం ఎక్కడికో పడిపోతుంది, అందుకే మన శాతాలు ఇవ్వడం లేదు. చూసింది చూసినట్టు చెబుతాను. ఫెయిలైన పిల్లల హాజరు నెలనెలా చూస్తే గైర్హాజరీ ఎక్కువగా నవంబరు నుంచి జనవరి దాకానే ఉంది. పత్తి తీసే రోజులు, ఆ వెంటనే కంది కోతలు. కూలీలు దొరకనప్పుడు ఇంట్లో పదహారేళ్ల పిల్లవాడు ఉంటే చేలోకి పిలవకుండా ఏ రైతూ ఉండలేడు. సంక్రాంతి దాటాక వాడు బడికి వచ్చేసరికి సార్ రివిజన్‌లో ఉంటాడు. స్పెషల్ క్లాసులు ఎన్ని పెట్టినా అసలు పాఠమే వినని పిల్లవాడికి రివిజన్ ఏం అర్థమవుతుంది?

ఎక్కువమంది ఆగిపోయింది మళ్లీ లెక్కల దగ్గరే. 80 మార్కుల పేపర్లో 28 రావాలి. ఫెయిలైన ఒక బాబు సెలవుల్లో తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో పనికి వెళ్తాడు. రాయి పొడవు, వెడల్పు చూసి లోడుకు ఎన్ని చదరపు అడుగులో, ఎంత డబ్బవుతుందో నోటితోనే చెప్పేస్తాడు. వాడి ముందు క్షేత్రమితి పాఠం పెడితే పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. "మనసులో వస్తది సార్, రాయనీకి రాదు" అన్నాడు. సూత్రం ఒక వరుసలో, విలువలు ఇంకో వరుసలో, చివర జవాబు యూనిట్‌తో సహా రాస్తే, జవాబు తప్పినా ముందు స్టెప్పులకు మార్కులు పడతాయని వాడికి అంతవరకూ ఎవరూ విడమరచి చెప్పలేదు. మన సభ్యుడైన రిటైర్డ్ లెక్కల సార్ వాడితో రోజూ సాయంత్రం నాపరాళ్ల లెక్కలే స్టెప్పులుగా రాయించారు. జూన్ 3 నుంచి 13 దాకా జరిగిన అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో వాడు లెక్కలు పాసయ్యాడు. ఐటీఐలో చేరతానంటున్నాడు, ఫీజు సంగతి మనం చూసుకుంటే బాగుంటుంది.

సంఘం ఖర్చులో ఒక మార్పు వచ్చింది. స్పెషల్ క్లాసుల పిల్లలకు మనం ఉడికించిన శనగలు, అరటిపండ్లు ఇస్తూ వచ్చాం. ఫిబ్రవరి నుంచి ప్రభుత్వమే సాయంత్రం స్నాక్స్ ఇవ్వడంతో ఆ డబ్బు ఆటోలకు మళ్లించాం. చీకటి పడ్డాక తండా దాకా నడవాలనే భయంతో ఆడపిల్లలు సాయంత్రం క్లాసులకు ఆగేవారు కాదు. ఆటో పెట్టిన వారానికే ఆగడం మొదలుపెట్టారు. ఇన్నేళ్లూ మనం తిండి గురించే ఆలోచించాం. వాళ్లకు కావాల్సింది ఇంటికి క్షేమంగా చేరే దారి.

అమ్మాయిల విషయంలో పాస్ శాతం చూసి మురిసిపోతే సరిపోదు. మెమోలో గ్రేడ్లతో పాటు మార్కులు కూడా ఇవ్వడం ఈ ఏడాదే మొదలైంది. మంచి మార్కులు తెచ్చుకున్న ఒక పాప మెమో పట్టుకుని వచ్చి, ఇంటర్ కాలేజీ దూరమని ఇంట్లో పెళ్లి మాటలు మొదలయ్యాయని చెప్పింది. మన మహిళా సభ్యులు ఇద్దరు వెళ్లి ఆ తల్లిదండ్రులతో మాట్లాడారు. హాస్టల్ దొరికితే పంపుతామని ఒప్పుకున్నారు. ఆ హాస్టల్ సీటు కోసం కార్యవర్గం తిరుగుతూనే ఉంది.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ప్రతిపాదన ఇది. సాయంత్రం క్లాసులకు మన సాయం జనవరి దాకా ఆగకుండా జులైలోనే మొదలుపెడదాం. పత్తి రోజుల్లో చేలోకి వెళ్లే పిల్లల జాబితా ముందే తయారుచేసి, ఆ రోజు పాఠాన్ని అదే రాత్రి చెప్పే ఏర్పాటు చేద్దాం. పత్తి తీసే రోజుల్లో పది చదివే పిల్లల్ని ఉదయం పూట బడికి వదలడం సభ్యులైన రైతులు ముందు తమ ఇంట్లోనే మొదలుపెట్టాలి. ఇందులో నాకు మొహమాటం లేదు, పేరుపేరునా అడుగుతాను.

హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్న సభ్యులు ఆదివారం ఊరికి వస్తే రెండు గంటలు లెక్కలు, ఇంగ్లీష్ చెప్పండి. ఉర్దూ మీడియం పిల్లలకు సైన్స్ చెప్పగలవారు ఒక్కరైనా వెంటనే కావాలి. పేర్లు జనరల్ బాడీ మీటింగు నాటికి నాకు గానీ, కోశాధికారి గారికి గానీ ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి