ఎయిర్ సస్పెన్షన్ కారు కింద దూరే ముందు

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెద్ద కార్లు అనంతపురం వీధుల్లో బాగానే కనిపిస్తున్నాయి. వాటిలో కొన్నింటికి ఇనుప స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు తిత్తులు ఉంటాయి. దీన్నే ఎయిర్ సస్పెన్షన్ అంటారు. మన కుర్రాళ్లు వీటిని కూడా మామూలు కార్లలాగే ఇంటి ముందు జాకీతో లేపి కిందకు దూరుతున్నారు. మెకానిక్‌గా నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

ఈ బండ్లలో ఎత్తును కొలిచే సెన్సర్లుంటాయి. ఒక పక్క లేపితే ఎత్తు పెరిగిందనుకుని కంప్యూటర్ గాలి వదలొచ్చు, మిగతా మూలలూ కదలొచ్చు. కొన్ని మోడళ్లలో ఇంజిన్ ఆపి తాళంచెవి తీసేశాక కూడా కాసేపు ఇదే పని జరుగుతుంది. తలుపు తెరిచినా మళ్లీ మొదలవుతుంది. బండి జాకీ మీద నుంచి జారడానికి ఆ కాస్త కదలిక చాలు.

జాకీ పెట్టక ముందే, ఇలా ఎత్తు సర్దడాన్ని ఆపి ఉంచే ‘జాక్ మోడ్’ ఆన్ చేయాలి. అది ఎక్కడుందో, జాకీ ఏ పాయింట్ కింద పెట్టాలో మాన్యువల్‌లో ఉంటుంది. చదునైన గట్టి నేల, చక్రాలకు అడ్డు, బరువుకు తగ్గ స్టాండ్లు తప్పనిసరి. స్టాండ్ల బదులు కడప బండలు పేర్చడం మాత్రం దయచేసి మానండి, అవి ఉన్నట్టుండి పగులుతాయి. దించాక ఇంజిన్ ఆన్ చేసి, బండి మామూలు ఎత్తుకు వచ్చాకే కదిలించాలి. లేదంటే గాలి లేని తిత్తి మడతపడి చిరుగుతుంది.

పాత కార్లు అమ్మేవాళ్లు తాళాలతో పాటు మాన్యువల్ కూడా ఇవ్వాలి, ‘జాక్ మోడ్’ చేసి చూపించాలి.

– ఒక మెకానిక్, అనంతపురం