ఆల్బమ్‌ను ఆల్బమ్‌గా విన్న ఏడాది: సభ్యులకు వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ కార్యవర్గం నమస్కారాలు.

రాక్, పాప్, సోల్ (నల్లజాతి అమెరికన్ల సంగీతం) ఆల్బమ్‌లను కలిసి కూర్చుని వినడం, విన్నదానిపై సమీక్ష రాసి అందరికీ పంచడం మన సంఘం పని. ఈ ఏడాది కొత్త ఆల్బమ్‌ల సంఖ్య పెంచే బదులు వినే పద్ధతిని చక్కదిద్దడం మీదే ఎక్కువ దృష్టి పెట్టాం. ఒకే ఆల్బమ్‌పై ఇద్దరు సభ్యులు ఒకరికొకరు పొంతన లేకుండా రాసినప్పుడు ఆరా తీస్తే, చాలాసార్లు ఇద్దరూ విన్నది ఒకటే కాదని తేలింది.

బీటిల్స్ 1967 ఆల్బమ్ ‘సార్జెంట్ పెప్పర్స్’నే చూడండి. మోనో మిక్స్‌ను (శబ్దాలన్నీ ఒకే ధారలో కలిపింది) బీటిల్స్ దగ్గరుండి చేయించారు, స్టీరియో మిక్స్ (ఎడమ, కుడి రెండు ధారలుగా కలిపింది) ఆ తర్వాత వాళ్ళు లేకుండానే జరిగింది. ‘షీజ్ లీవింగ్ హోమ్’ మోనోలో కాస్త వేగంగా, ఒక సెమీటోన్ (అర స్వరం) పైశ్రుతిలో వినిపిస్తుంది. ఆ పాట ఈడుస్తుందని ఒకరు, చురుగ్గా ఉందని ఇంకొకరు రాస్తే ఇద్దరిదీ నిజమే. ఫ్లీట్‌వుడ్ మ్యాక్ ‘రూమర్స్’ (1977) సంగతీ అంతే. ఎల్పీలో (వినైల్ రికార్డులో) చోటు చాలక ‘సిల్వర్ స్ప్రింగ్స్’ను పక్కన పెట్టారు, తర్వాతి ఎడిషన్లు కొన్నింటిలో చేర్చారు. ఆ పాట ఉన్న ‘రూమర్స్’ నడక వేరు, లేనిదాని నడక వేరు. అందుకే ఇకపై సమీక్ష మొదటి వరుసలోనే ఏ సంవత్సరపు ఎడిషన్, ఎల్పీయా సీడీయా స్ట్రీమింగా, మోనోనా స్టీరియోనా, ఏ స్పీకర్లు అన్నది రాయాలి. లేకపోతే కార్యవర్గం తిప్పి పంపుతుంది.

వాల్యూమ్ గురించి కూడా గట్టిగా చెప్పాలి. రెండు రికార్డింగుల మధ్య ఒకటి రెండు డెసిబెల్ల తేడా ఉన్నా, పెద్దగా మోగేదే చెవికి మెరుగనిపిస్తుంది. కొత్త రీమాస్టర్లు (పాత రికార్డింగును మళ్ళీ సరిదిద్ది విడుదల చేసినవి) పాతవాటి కంటే బాగున్నాయన్న అభిప్రాయం చాలావరకు ఇక్కడే పుడుతుంది. రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ ‘కాలిఫోర్నికేషన్’ (1999), మెటాలికా ‘డెత్ మాగ్నెటిక్’ (2008) సీడీలను ఎంత పెద్దగా వినిపించేలా తయారు చేశారంటే డ్రమ్ముల దెబ్బల కొసలు తెగిపోయి శబ్దం బరకగా మారింది. మొదటి పాటకు ఉత్సాహం వస్తుంది, నాలుగో పాటకు చెవి అలసిపోతుంది. పోల్చే ముందు కుర్చీలో చెవి ఉండే ఎత్తులో ఫోన్ పెట్టి, డెసిబెల్ మీటర్ యాప్‌లో ఒక నిమిషం సగటు చూసి, రెండింటినీ 75 దగ్గరికి తెచ్చుకోండి. ఫోన్ యాప్ అంకె కచ్చితం కాకపోవచ్చు, కానీ అదే ఫోన్ అదే చోట ఉంటే పోలికకు సరిపోతుంది.

గది

మనం వినేది నల్లగొండ రామగిరిలో అద్దెకు తీసుకున్న షట్టర్ గదిలో. ముందున్న ఇనుప షట్టరు రేకులు బేస్ స్వరాలకు గిలకొట్టుకుంటాయి. బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఆ తీగ మీద, దాని పైతీగల మీద పలికే స్వరాల్లో కొన్నింటికి రేకులు గలగలమంటే, అది స్పీకర్ చిరిగిన శబ్దమేమోనని కొత్తవాళ్ళు భ్రమపడతారు. షట్టరు ముందు జానెడు ఎడం వదిలి పాత చీరల బొంతలు రెండు వరసలుగా వేలాడదీశాం. దానివల్ల గదిలో ప్రతిధ్వని తగ్గింది కానీ రేకుల గలగల పూర్తిగా పోలేదు. రేకులు పక్క గాడిలో కదలకుండా సైకిల్ ట్యూబు ముక్కలు దూర్చాకే అది ఆగింది. స్పీకర్లను గోడకు ఆనించకుండా రెండడుగులు ముందుకు జరిపితే బేస్ ఉబ్బు కూడా తగ్గింది.

ఎండాకాలంలో కూలర్ పెద్ద సమస్య. పింక్ ఫ్లాయిడ్ ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ (1973) చాలా మెల్లని గుండె చప్పుడుతో మొదలవుతుంది. కూలర్ హోరులో అది వినపడక వాల్యూమ్ పెంచితే, కాసేపటికి ‘టైమ్’ మొదట్లో గడియారాలన్నీ ఒక్కసారిగా మోగి మీద పడతాయి. అందుకే ఏప్రిల్, మే నెలల్లో కూర్చోవడం పొద్దున ఆరింటికి మార్చాం. వచ్చే ఎండాకాలమూ అంతే.

సూది, కరెంటు, ఎండ

ఎల్పీ ఒకే వేగంతో, నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. కానీ సూది కింద గాడి కదిలే వేగం అంచు దగ్గర సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లైతే, లోపలి కొసన 21కి పడిపోతుంది. అందుకే సైడు చివరి పాటలో ‘స’, ‘ష’ శబ్దాలు చిరుగుతాయి. చివరి పాటలో గాయని గొంతు బరకగా ఉందని రాసే ముందు అదే పాటను డిజిటల్‌లో ఒకసారి సరిచూడండి. మన కార్ట్రిడ్జికి (సూదిని పట్టి ఉంచే భాగం) సూది గాడిపై మోపాల్సిన బరువు 2 గ్రాములు. చిన్న డిజిటల్ త్రాసుతో నెలకోసారి కొలవాలి. తక్కువైతే గాడికి మంచిదని వదిలేయకండి. తేలిపోయిన సూది గాడిలో ఎగిరెగిరి పడి ఇంకా ఎక్కువ అరగదీస్తుంది.

ఎడతెగని గుయ్‌మనే శబ్దానికి మన ఊళ్ళో మొదటి అనుమానం ఎర్తింగ్ మీదే. పాత వైరింగులో మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక తీగ ఉండదు. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్నని గ్రౌండ్ వైరును యాంప్లిఫయర్ స్క్రూకు బిగించండి, ఎలక్ట్రీషియన్‌తో సాకెట్ చూపించండి. ప్లగ్గు ఎర్త్ పిన్ను మాత్రం ఎవరూ కోయొద్దు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడిపినా ఇలాంటి గుయ్‌మనే శబ్దమే వస్తుంది, సైన్ వేవ్‌దైతే రాదు.

మేలో ఆగి ఉన్న కారులో వేడి 60 డిగ్రీలు దాటగలదు, వినైల్ మెత్తబడేది ఆ వేడికే. హైదరాబాద్ నుంచి రికార్డులు తెచ్చేవాళ్ళు దారిలో భోజనానికి దిగితే సంచిని వెంట తీసుకెళ్ళండి. ఇంట్లో నిలబెట్టే ఉంచండి, ఒకదానిపై ఒకటి పేర్చొద్దు.

సమీక్షలు

ఈ ఏడాది అందరినీ ఎక్కువసేపు కూర్చోబెట్టింది మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ (1971). ముప్పై అయిదు నిమిషాల పైచిలుకు ఆల్బమ్ అది. మొదటి సైడులో పాటకూ పాటకూ మధ్య నిశ్శబ్దమే లేదు, ఒకటి ఇంకొకదాంట్లోకి జారిపోతుంది. ఫోన్‌లో వినేవాళ్ళు క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరను తర్వాతి పాట మొదలు మీద కలిపేసేది) సున్నాకు తేవాలి, గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఖాళీ రానివ్వనిది) ఆన్ చేయాలి, షఫిల్ తీసేయాలి. లేకపోతే అతుకుల దగ్గర చిన్న గండి పడి ఆల్బమ్ విడి పాటలుగా రాలిపోతుంది. గే రెండుసార్లు పాడిన టేకులు స్టూడియోలో అనుకోకుండా కలిసి మోగితే, బాగుందని అలాగే ఉంచేశారు. ఒకే మనిషి తనతో తాను మాట్లాడుకుంటున్నట్టుండే ఆ గొంతే ఈ ఆల్బమ్‌కు ప్రాణం. మొదటి సైడులో జేమ్స్ జేమర్సన్ బేస్‌ను విడిగా పట్టుకుని ఒకసారి వినమని సభ్యులందరినీ కోరుతున్నాం. గొంతు ఊపిరి తీసుకునే చోట బేస్ కదులుతుంది, గొంతు కదిలే చోట తగ్గి నిలబడుతుంది. ‘మెర్సీ మెర్సీ మీ’ పాట గాలిలో విషం, చేపల్లో పాదరసం, నేలలో రేడియేషన్ గురించి అడుగుతుంది. మర్రిగూడ ఫ్లోరైడ్ నీళ్ళు తెలిసిన జిల్లాలో ఆ పాటకు ఎవరూ అర్థం అడగలేదు.

దాని పక్కనే మైకేల్ కివానుకా ‘కివానుకా’ (2019) పెట్టి విన్నాం. అది 2020 మెర్క్యురీ బహుమతి (బ్రిటన్, ఐర్లాండ్‌లలో ఏటి ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చేది) గెలుచుకుంది. పాటలను కలిపే పద్ధతిలో, పేర్చిన కోరస్ గొంతుల్లో గే నీడ ఉన్నా ఈ మనిషి బాధ సొంతం. సభ్యుల మెప్పు దీనికే ఎక్కువ. సిల్క్ సోనిక్ 2021 ఆల్బమ్ అరగంట హాయిగా సాగుతుంది, వాయిద్యాల పని శుభ్రం. అయితే 1970ల సోల్‌ను అంత నమ్మకంగా మళ్ళీ కట్టాక కొత్తగా చెప్పిందేమిటన్న ప్రశ్న మిగిలింది. బిల్లీ ఐలిష్ 2019 తొలి ఆల్బమ్‌ను చిన్న బ్లూటూత్ స్పీకర్‌లో విని సమీక్షించకూడదని నిర్ణయించాం. అందులో సగం విషయం అడుగు బేస్‌లోనే ఉంది, ఆ స్పీకర్లలో అది అసలు మోగదు.

స్టీవీ వండర్ ‘సాంగ్స్ ఇన్ ద కీ ఆఫ్ లైఫ్’ (1976) రెండు ఎల్పీలు, వాటితో ఇచ్చిన నాలుగు పాటల చిన్న రికార్డు కలిపి గంటా నలభై నిమిషాలు దాటుతుంది. ఒకే బైఠక్‌లో పూర్తి చేస్తే చివరి సైడుకు అన్యాయం జరుగుతుంది కాబట్టి సగం ఒక వారం, సగం మరో వారం విన్నాం. సమీక్ష ఇంకా రావాల్సి ఉంది.

లెక్కలు, ముందు పని

ఖర్చులో పెద్ద భాగం షట్టర్ అద్దె, ఆ తర్వాత కొత్త సూది. రసీదులు, లెక్కల పుస్తకం సర్వసభ్య సమావేశంలో బల్ల మీద ఉంటాయి, ఎవరైనా చూడొచ్చు. వచ్చే ఏడాది అరీతా ఫ్రాంక్లిన్ అట్లాంటిక్ కంపెనీకి చేసిన తొలి ఆల్బమ్ (1967)తో మొదలుపెట్టి, అదే వరుసలో ఏమీ వైన్‌హౌస్ ‘బ్యాక్ టు బ్లాక్’ (2006) వింటాం. ఇంటికి తీసుకెళ్ళిన రికార్డులను సమావేశం నాటికి లోపలి కవరుతో సహా తిరిగి ఇవ్వండి. చిరిగిన కవర్ల బదులు కొత్తవి గదిలో ఉన్నాయి, అడిగి తీసుకోండి.