ధావకుడు ఏమిటండీ?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ క్రీడల పేజీలో అమెరికా పరుగు వీరుడు జెఫ్ గాలోవే మీద వ్యాసం వేశారు. మా పర్లాకిమిడికి అది ఎప్పటిలాగే పాతపట్నం బస్సులో పది దాటాక చేరింది. ఆలస్యానికి అలవాటు పడ్డాం, తప్పులకు ఇంకా పడలేదు.

'1972 మ్యూనిక్ ఒలింపిక్స్ మారథాన్ ధావకుడు' అని రాశారు. ఆయన అక్కడ పరుగెత్తింది 10,000 మీటర్లు. అమెరికా జట్టు మారథాన్ ఎంపిక పోటీలో సహచరుడు జాక్ బాచెలర్ పక్కనే పరుగెత్తి, చివరి గీత దగ్గర తాను వెనక్కి తగ్గి, మూడో స్థానాన్నీ ఒలింపిక్స్ బెర్తునూ అతనికి వదిలేశాడు. అంతటి మనిషి గురించి రాస్తూ ఆ ముక్కే వదిలేశారు! అన్నట్టు, ఈ 'ధావకుడు' ఏమిటండీ? గిడుగు రామమూర్తి పంతులు గారు బడిలో పాఠాలు చెబుతూ వాడుక భాష కోసం వాదించిన ఊరు మాది.

గాలోవే తర్వాత ఎన్నడూ పరుగెత్తని వాళ్లకు పరుగు నేర్పాడు, 1984లో పుస్తకం రాశాడు. అలసట వచ్చాక కాదు, రాకముందే కాసేపు నడిచి మళ్లీ పరుగెత్తమన్నాడు. మీరు దాన్ని 'బలహీనుల పద్ధతి' అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

నేను డ్రిల్లు మాస్టారుగా రిటైరైన వాణ్ని. సైన్యానికీ పోలీసు ఉద్యోగాలకూ తయారయ్యే కుర్రాళ్లు తెల్లవారుజామున మా మైదానానికి వస్తారు. వాళ్లకు తెలిసిన దూరం 1600 మీటర్లు. మొదటి చుట్టు ప్రాణం పెట్టి పరుగెత్తి, మూడో చుట్టుకు డొక్క పట్టుకుని కూలబడతారు. ఊడిన బూటు అట్టకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టుకుని వచ్చే కుర్రాడొకడున్నాడు. మొదటి నెల నడుస్తూ పరుగెత్తరా అని ఎన్నాళ్లుగానో చెబుతున్నాను. సోమవారం మీ పేపరు మడిచి తెచ్చి, "చూడండి మాస్టారూ, ఇది బలహీనులకట" అన్నాడు.

మైదానం సంగతి చెప్పకపోవడమే మేలు. ఎగ్జిబిషను వాళ్లు గుంజలు పీకారు గాని గుంతలు పూడ్చలేదు. ఆఫీసుకు వెళితే ఒడియాలో దరఖాస్తు రాయమన్నారు. రాశాను. రెండోసారి వెళితే మైదానం ఏ శాఖదో తేలాలన్నారు. మూడోసారి వెళితే సారు క్రీడా దినోత్సవం మీటింగులో ఉన్నారు!

మూలన రెండు అంగుళాల సవరణ వేయండి. ఏ రోజు వేస్తారో ముందుగా తెలిపితే, బస్టాండు దుకాణంలో ఒక కాపీ తీసి ఉంచమంటాను.

— రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా