డంజన్స్ అండ్ డ్రాగన్స్ బతికింది సీరియల్ పుణ్యాన కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

బల్ల చుట్టూ కూర్చుని ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటల మీద మీ ఆదివారం అనుబంధంలో కథనం వచ్చి చాలా రోజులైంది. తెలిసినవాళ్లెవరైనా సవరణ రాస్తారని, మీరు వేస్తారని చూశాను. ఏమీ రాలేదు. కంప్యూటర్ స్క్రీన్ ఫొటో పెట్టి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను వీడియో గేముల్లో కలిపేశారు. మూలన పడిన ఆటను 2016లో వచ్చిన స్ట్రేంజర్ థింగ్స్ అనే నెట్‌ఫ్లిక్స్ సీరియల్ లేపిందని, మోజు తీరాక మళ్లీ మూలన పడుతుందని తేల్చేశారు. ఏళ్ల తరబడి ఈ ఆట ఆడుతూ, పిల్లలతో ఆడిస్తూ ఉన్న నాకు ఇది చదివి ఊరుకోవడం సాధ్యం కాలేదు.

ఈ ఆటకు కంప్యూటర్ అక్కర్లేదు. నలుగురైదుగురు మనుషులు, కాగితాలు, పెన్సిళ్లు, పాచికలు ఉంటే చాలు. కథ నడిపించే మనిషిని డంజన్ మాస్టర్ అంటారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, ఇప్పుడు నేను ఈ పని చేస్తాను అని చెబుతారు. అది ఫలించిందో లేదో పాచిక తేలుస్తుంది, తర్వాత ఏం జరిగిందో మాస్టర్ చెబుతాడు. అవధానంలో పృచ్ఛకులు ఎటు లాగితే అటు తిరిగి అవధాని పద్యం అందుకున్నట్టు, ఆటగాళ్లు ఎటు వెళ్తే కథను అటు అప్పటికప్పుడు అందుకోవాలి. ఆ పని వచ్చినవాడు ఒక్కడుంటే అయిదుగురు ఆడతారు. వాడు లేకపోతే బీరువా నిండా పుస్తకాలున్నా ఒక్కరూ ఆడరు. ఇలాంటి ఆట ఏది నిలిచినా, ఏది పోయినా ముందు చూడాల్సింది ఆ మనిషినే. మీ కథనంలో అతని ప్రస్తావనే లేదు.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారుచేసిన ఈ ఆటను 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి మొదట వెయ్యి కాపీలే వేశారు. ఆ మూడు చిన్న పుస్తకాలు చదివి ఆట అర్థం చేసుకోవడం అప్పటివాళ్లకే కష్టమైంది. తెలిసినవాడు పక్కవాడికి నేర్పితేనే పాకింది. 1977లో కొత్తవాళ్ల కోసం వేరే పెట్టె వచ్చింది. 1983లో ఫ్రాంక్ మెంట్జర్ రాసిన ఎర్ర పెట్టె ఇంకా మేలు. చదివేవాడు ఒంటరిగా ఒక చిన్న కథలో నడుస్తూ నియమాలు నేర్చుకుని, ఆ తర్వాత స్నేహితులను కూర్చోబెట్టి ఆడించేలా రాశాడాయన. గురువు లేకుండానే స్కూలు పిల్లలు డంజన్ మాస్టర్లయ్యారు. ఈ ఆట దయ్యాల పూజ నేర్పుతోందని ఆ రోజుల్లో అమెరికాలో మత సంస్థలు, టీవీలు దుమ్మెత్తిపోశాయి. ఆటకు ఏమీ కాలేదు. నేర్పేవాళ్లు పుట్టుకొస్తూనే ఉన్నారు మరి.

బయటివాళ్ల తిట్లు చెయ్యలేని పని సొంత కంపెనీయే చేసింది. 1990లలో టీఎస్ఆర్ సంస్థ ఉన్నవాళ్లకే పుస్తకం మీద పుస్తకం అమ్మడానికి దిగింది. ఫర్గాటెన్ రెల్మ్స్, డ్రాగన్‌లాన్స్, రేవెన్‌లాఫ్ట్, డార్క్ సన్, ప్లేన్‌స్కేప్, బర్త్‌రైట్... ఒక్క ఆటకే ఇన్ని ఊహాలోకాలు. ఒక లోకంలో ఆడేవాడు ఇంకో లోకం పుస్తకం ఎందుకు కొంటాడు? గిరాకీ ముక్కలైపోయింది. ఖర్చు మాత్రం ప్రతి దానికీ విడిగా పెట్టాల్సి వచ్చింది. షాపులకు పంపిన సరుకు అమ్ముడుపోక తిరిగొచ్చింది. అప్పుల్లో మునిగి, ప్రింటరుకు డబ్బు కట్టలేక కొత్త పుస్తకాలు ఆగిపోయిన స్థితిలో 1997లో ఆ సంస్థను కార్డుల ఆటలు అమ్మే విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ అనే కంపెనీ కొనేసింది. ఆ విజర్డ్స్‌ను 1999లో బొమ్మల కంపెనీ హాస్‌బ్రో కొన్నది.

ఆ తర్వాత జరిగింది మీ విలేఖరి ఒక్కసారి వరసగా చూసుకుని ఉంటే సీరియల్ మాట రాసేవారు కాదు. 2000లో మూడో ఎడిషన్‌తో పాటు, మూల నియమాలను ఎవరైనా వాడుకుని పుస్తకాలు అచ్చు వేసుకోవచ్చని ఓపెన్ గేమ్ లైసెన్స్ ఇచ్చారు. ఆట మళ్లీ ఊపందుకుంది. 2008లో నాలుగో ఎడిషన్‌కు ఆ స్వేచ్ఛను బిగించారు. నియమాలు కూడా చాలామంది పాత ఆటగాళ్లకు నచ్చలేదు. పాత నియమాలనే మెరుగుపరిచి 2009లో పైజో అనే చిన్న కంపెనీ పాత్‌ఫైండర్ తెస్తే జనం అటు వెళ్లిపోయారు. అప్పుడుగానీ విజర్డ్స్ వారికి తెలివి రాలేదు. 2012 నుంచి కొత్త నియమాలను బయటపెట్టి, ఆటగాళ్లతో ఆడించి, వాళ్ల అభిప్రాయాలు తీసుకుని 2014లో అయిదో ఎడిషన్ తెచ్చారు. ప్రాథమిక నియమాలు ఉచితంగా పెట్టారు. 2015లో క్రిటికల్ రోల్ అనే డబ్బింగ్ కళాకారుల బృందం తమ ఆటను ఇంటర్నెట్‌లో లైవ్‌గా చూపించడం మొదలుపెట్టింది. ఆట ఎలా నడపాలో లక్షలమంది కళ్లారా చూసి నేర్చుకున్నారు. మీరు చెప్పిన సీరియల్ వచ్చింది వీటన్నిటి తర్వాత. అది కొత్తవాళ్లను గుమ్మం దాకా తెచ్చింది, కాదనను. లోపల కూర్చోబెట్టి ఆడించినవాళ్లు అప్పటికే తయారై ఉన్నారు కాబట్టే వాళ్లు నిలిచారు.

జపాన్ సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. అక్కడ 1986లో కాంప్‌టీక్ అనే పత్రిక, కొందరు కూర్చుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడినప్పుడు ఎవరు ఏమన్నారో సంభాషణ రూపంలో రాయించి ధారావాహికగా వేసింది. పాఠకులకు అదే పాఠమైంది. 1989లో ఆటలు రూపొందించే గ్రూప్ ఎస్ఎన్ఈ అనే బృందం వాళ్లు సోర్డ్ వరల్డ్ అనే సొంత ఆటను జేబులో పట్టే చవక పుస్తకంగా, మామూలు ఆరు ముఖాల పాచికలతో ఆడేలా తెచ్చారు. పెద్ద పెట్టెలు, దొరకని పాచికలు అక్కర్లేకపోయేసరికి బడిపిల్లలు ఎగబడ్డారు. ఆ ఆట ఈనాటికీ ఉంది.

అయినా కంపెనీలకు బుద్ధి నిలవదు. 2023 జనవరిలో విజర్డ్స్ వారు పాత లైసెన్స్‌ను రద్దు చేసి, బాగా సంపాదించేవాళ్ల దగ్గర రాయల్టీ వసూలు చెయ్యాలని చూశారు. ముసాయిదా బయటికి పొక్కగానే ఆటగాళ్లు కంపెనీ ఆన్‌లైన్ సేవకు కట్టే చందాలు రద్దు చేసుకున్నారు. నెల తిరక్కుండానే, జనవరి 27న కంపెనీ వెనక్కి తగ్గి, అయిదో ఎడిషన్ మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ అనే ఉచిత లైసెన్స్ కింద అందరికీ ఇచ్చేసింది. అదే ఏడాది డిసెంబరులో హాస్‌బ్రో 1,100 మంది ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఆట రూపొందించినవాళ్లలో కొందరు కూడా అందులో పోయారు. మీ కథనంలో వీటిలో ఒక్క ముక్క లేదు.

ఇక మన దగ్గర ఏం జరుగుతోందో కూడా రాయాలి. మా అపార్ట్‌మెంట్ పిల్లలకు తెలుగులో ఆడిద్దామని కమ్యూనిటీ హాలు అడిగితే, పాచికలున్నాయి కాబట్టి జూదమని అసోసియేషన్ వారు కుదరదన్నారు. పందెం లేదు, పైసా లేదు అని ఎంత చెప్పినా వినలేదు. దగ్గర్లోని శాఖా గ్రంథాలయంలో అడిగితే మాటలు వినపడే పనులు ఇక్కడ వద్దన్నారు. ఇంటి పన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మన దగ్గర వసూలు చేస్తూనే ఉన్నారు. ఆ డబ్బు స్థానిక సంస్థలు సకాలంలో జమ చెయ్యవని మీ పత్రికే ఎన్నోసార్లు రాసింది. పోటీ పరీక్షల కుర్రాళ్లు కూర్చోవడానికే కుర్చీలు చాలని చోట పిల్లలకు ఒక గది అడగడం తప్పయిపోయింది. పార్కుకు వెళ్తే ఆటలు ఆడరాదని బోర్డు. సాయంత్రం పిల్లలు మరి ఎక్కడ కూర్చోవాలి? ఫోన్లు పట్టుకుని పాడైపోతున్నారని సభల్లో ఉపన్యాసాలు ఇచ్చే అధికారులు దీనికి జవాబు చెప్పాలి. ఇలాంటి ఆటలు ఆడించి గంటకింత అని తీసుకునే కేఫ్‌లకు అందరు పిల్లలూ వెళ్లలేరు.

నా బల్ల దగ్గర ఆడిన పిల్లల్లో నోరు విప్పని అమ్మాయి ఒకరు ఇప్పుడు తనే డంజన్ మాస్టర్‌గా కూర్చుని తమ్ముళ్లకు ఆడిస్తోంది. కథ తెలుగులో చెబుతుంది, నియమాలకు మాత్రం ఇంగ్లిష్ పుస్తకం తిప్పాలి. మూలం ఎవరిదో చెప్పి ఆ క్రియేటివ్ కామన్స్ నియమాలను ఎవరైనా తెలుగులోకి అనువదించవచ్చు, అచ్చు వేసి అమ్ముకోవచ్చు కూడా. అనుమతి అడగాల్సిన పని లేదు, రుసుము లేదు.

కాబట్టి నా మనవి రెండు ముక్కలు. ఒకటి, ఆ కథనానికి సవరణ వెయ్యండి, కంప్యూటర్ బొమ్మ తప్పని రాయండి. రెండు, ఆదివారం అనుబంధంలో ఒక్క పేజీ ఇవ్వండి. కాంప్‌టీక్ చేసినట్టే, మన పిల్లలు తెలుగులో ఆడిన ఒక ఆటను మొదటి నుంచి చివరి దాకా మాటకు మాట వేద్దాం. రాసి పంపే బాధ్యత నాది, పారితోషికం అక్కర్లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హైదరాబాద్