మా తమ్ముడికి అండగా నిలిచినవారికి కృతజ్ఞతలు

చీమకుర్తి గెలాక్సీ రాయి క్వారీలో 2023లో బండ విరిగిపడినప్పుడు మా తమ్ముడు కాలు విరిగి బయటపడ్డాడు. అతని పక్కన పని చేస్తున్న మనిషి అక్కడికక్కడే చనిపోయాడు. తమ్ముడి ఎముక అతుక్కుంది, నడుస్తున్నాడు. కానీ క్వారీలో బండలు పగలగొట్టే తూటాలు పేలిన చప్పుడు ఊళ్లోకి వినిపిస్తే చాలు, వణుకుతూ మంచం కిందికి దూరేవాడు. క్వారీ అంచుకు వెళ్తే అడుగు పడేది కాదు. "కాలు బాగైంది కదా, ఇంకా పరిహారం ఏమిటి?" అన్నాడు కాంట్రాక్టరు. గాలి సోకిందని పెద్దవాళ్లు అంటే ఏఎస్‌పేట దర్గాకూ వెళ్లొచ్చాం.

మొదటి నమస్కారం ఒంగోలులో తమ్ముడిని చూసిన మానసిక వైద్యురాలికి. పీటీఎస్‌డీ (ఘోర ప్రమాదం తర్వాత మనసును వదలని భయం) అని జబ్బు పేరు రాసి ఊరుకోలేదామె. ఎత్తున నిలబడి పని చేయలేడు, పేలుళ్ల దగ్గర ఉండలేడు, రాత్రి పని కుదరదు అని ఒక్కొక్కటే విడదీసి రాశారు. కేసుకు బలం ఆ కాగితమే.

రెండో నమస్కారం న్యాయ సేవాధికార సంస్థ ద్వారా వచ్చిన వకీలు గారికి. 1987 నాటి చట్టం ప్రకారం పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుందని ఆయన చెప్పేదాకా మాకు తెలియదు. న్యాయ సహాయం నంబరు 15100కు ఫోను చేస్తే దారి చెబుతారు. క్వారీ గని కిందికి వస్తుంది కాబట్టి ఈఎస్ఐ (కార్మికుల బీమా) లేదు. అందుకని 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం కింద, రెండేళ్ల గడువు దాటకముందే, ఈ పరిహారం కేసులు విచారించే కమిషనర్ దగ్గర దరఖాస్తు వేయించారు. (ఇప్పుడు ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడ్ వచ్చింది, కొత్త ప్రమాదాలవాళ్లు వకీలును అడిగి చూసుకోండి.) కూలివాడు కాంట్రాక్టరు మనిషైనా అసలు యజమానిని బాధ్యుణ్ణి చేయవచ్చట. ఆ మాట విన్నాక మా అమ్మ ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నది.

చట్టంలోని గాయాల పట్టికలో వేళ్లు, చేతులు, కళ్లు ఉన్నాయి గానీ ఇలాంటి భయం లేదు. పట్టికలో లేని గాయం వల్ల సంపాదించే శక్తి శాశ్వతంగా ఎంత శాతం తగ్గిందో అర్హతగల వైద్యులు అంచనా వేయాలని కూడా అదే చట్టంలో ఉంది. లెక్క ఇలా వేస్తారు: వయసును బట్టి చట్టంలో ఒక గుణకం (హెచ్చవేసే అంకె) ఉంటుంది, ముప్ఫై ఏళ్లవాడికి అది 207.98. లెక్కలోకి తీసుకునే జీతం పరిమితి నెలకు రూ.15,000. అందులో 60 శాతాన్ని గుణకంతో హెచ్చవేస్తే రూ.18,71,820. శక్తి 30 శాతం తగ్గిందని తేలితే అందులో 30 శాతం, అంటే రూ.5,61,546. వైద్య ఖర్చు వేరు. అవతలి వకీలు మాత్రం అతను నటిస్తున్నాడనే వాదిస్తున్నాడు. విచారణ ఇంకా నడుస్తోంది.

ఆ రోజు ఏం జరిగిందో కమిషనర్ ముందు చెప్పడానికి వచ్చిన తోటి కార్మికుడికి ఏమిచ్చి రుణం తీర్చుకోగలం? సాక్ష్యం చెబితే పని పోతుందని తెలిసీ వచ్చాడు, పని పోయింది కూడా. ఇప్పుడు వేరే క్వారీలో చేరాడు. రాత్రిపూట 14416 టెలీ మానస్‌లో (మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన ఫోను సాయం) తెలుగులో ఓపికగా మాట్లాడిన ఆ కౌన్సెలర్ ఎవరో కూడా మాకు తెలియదు. ఆమెకూ దండాలు.

మందులు వాడుతూ తమ్ముడు ఇప్పుడు రాత్రి నాలుగైదు గంటలు నిద్రపోతున్నాడు. ఇలాంటి బాధలో ఉన్న కుటుంబాలవారు అడిగితే మా దరఖాస్తు నకలు చూపిస్తాను. దాన్ని చూసి మీది రాయించుకోండి.